‘ఇష్క’ అంటే నీళ్లు: ఒక ఐరిష్ మాట పుట్టుక, వ్యాకరణం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇష్క అంటే ఏమిటి? ఈ మాట ఎక్కడ కనిపిస్తుంది?

ఐరిష్ భాషలో నీళ్లను ఇష్క అంటారు. రాసేటప్పుడు యు, ఐ, ఎస్, సి, ఇ అని అయిదు అక్షరాలు. డబ్లిన్‌లో ఫుట్‌పాత్ మీద నడుస్తూ కిందికి చూస్తే, నీటి పైపుల మీద బిగించిన చిన్న ఇనుప మూతల మీద ఈ అయిదు అక్షరాలూ పోత పోసి ఉంటాయి. దేశమంతా మంచినీళ్లు సరఫరా చేసే ప్రభుత్వ సంస్థ పేరు ‘ఇష్క ఏరన్’, అంటే ఐర్లండ్ నీళ్లు. 2013లో మొదలైనప్పుడు దాన్ని ‘ఐరిష్ వాటర్’ అనేవారు. 2023 నుంచి ఐరిష్ పేరునే వాడుతున్నారు. దేశం పేరు ‘ఏర’, దానికి షష్ఠీ విభక్తి రూపం ‘ఏరన్’. కాబట్టి చదువుకోవడానికో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు కూడా, తెలియకుండానే, రోజూ ఒక షష్ఠీ తత్పురుషాన్ని చదువుతున్నట్టే.

ముందు ‘యు’ ఉంది కదా, ‘ఉయిస్సె’ అని కాకుండా ‘ఇష్క’ అని ఎందుకు పలుకుతారు?

ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకూ రెండు రూపాలు ఉంటాయి. ఒకటి వెడల్పుది, ఇంకొకటి సన్నది. హల్లు పక్కన ఎ, ఓ, యు అక్షరాలు ఉంటే అది వెడల్పు హల్లు. ఇ, ఐ అక్షరాలు ఉంటే సన్న హల్లు. ‘సన్నదానికి సన్నది, వెడల్పుదానికి వెడల్పుది’ అని అక్కడ బడి పిల్లలందరికీ నేర్పే స్పెల్లింగ్ సూత్రం ఒకటుంది. ఈ మాటలో ఎస్, సి అక్షరాలు ఐకీ ఇకీ మధ్య ఉన్నాయి. అందుకని రెండూ సన్నవే. సన్న ఎస్‌ను ‘ష’ అంటారు. సి ఎప్పుడూ ‘క’ ధ్వనే, స కాదు. అది సన్నబడితే ‘కి’ అనేటప్పుడు నాలుక ఎక్కడ ఆనుతుందో అక్కడ ఆనించి పలికే క అవుతుంది. చివరి అచ్చు తేలిగ్గా వదిలేస్తారు.

మరి యు ఎందుకు మిగిలింది? పాత ఐరిష్‌లో పలికింది ఆ ఉకారమే. దాని పక్కనున్న ఐ అచ్చు కాదు, తర్వాత వచ్చే హల్లు సన్నదని చెప్పే గుర్తు మాత్రమే. కాలక్రమంలో పలుకుబడి తిరగబడి ఉ పోయింది, ఇ నిలిచింది. రాతలో మాత్రం ఉ అలాగే ఉండిపోయింది. అలా ఉండిపోవడం మన అదృష్టం. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది ఆ అక్షరమే.

ఉర్దూ ‘ఇష్క్’తో సంబంధం ఉందా?

లేదు. హైదరాబాద్ వాళ్లకు వినగానే అదే గుర్తొస్తుంది కానీ, ప్రేమ అనే అర్థమున్న ఆ ఇష్క్ అరబ్బీ నుంచి వచ్చింది. ధ్వని కలవడం కాకతాళీయం.

మరి అసలు మూలం ఏమిటి?

ఇండో-యూరోపియన్ భాషలన్నిటికీ మూలమైన ప్రాచీన భాషలో నీటికి ‘వెద్’, ‘ఉద్’ అనే ధాతువు ఉండేది. దాన్నుంచే గ్రీకు ‘హుడోర్’, రష్యన్ ‘వొడా’, ఇంగ్లిష్ ‘వాటర్’ వచ్చాయి. ఐరిష్ పుట్టిన కెల్టిక్ శాఖలో ‘ఉద్’కు ఒక ప్రత్యయం చేరి, మధ్యలోని ద అరిగిపోయి, చివరికి ఇష్క అయింది.

సంస్కృతంలో ఆ ‘ఉద్’ నుంచి వచ్చిందే ఉదకం. పూజలో ‘శుద్ధోదక స్నానం సమర్పయామి’ అంటున్నప్పుడు వినిపించేది ఈ ధాతువే. సముద్రంలోని ‘ఉద్ర’ కూడా ఇదే. ఐరిష్ రాతలో మిగిలిపోయిన యు, ఉదకంలోని ఉ, రెండూ ఒక్క చోటి నుంచి బయల్దేరినవి. ఒకటి అట్లాంటిక్ ఒడ్డుకు చేరింది, ఇంకొకటి మన పూజగదికి చేరింది.

అంటే ఐరిష్, తెలుగు చుట్టాలా?

కావు. తెలుగు ద్రావిడ భాష. మన నీరు తమిళ నీర్‌కు, కన్నడ నీరుకు తోబుట్టువు. ఉదకం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. ఐరిష్‌కు చుట్టరికం సంస్కృతంతోనే. అయితే తెలుగులో సంస్కృత పదాలు ఎంత పెద్ద సంఖ్యలో ఉన్నాయో తెలిసిందే కదా. వాటి వల్ల ఐరిష్ మాటల పోలికలు ఇంగ్లిష్ వాళ్లకంటే మనకే తొందరగా కళ్లకు కడతాయి. ఆవును ‘బో’ అంటారు, అది గోవు. పాత మాటల్లో గుర్రం ‘అఖ్’, అది అశ్వం. దాహం ‘తార్త్’, అది తృష్ణ. ప్రాణం ఉన్నది ‘బ్యో’, అది జీవ. చివరిది విచిత్రంగా అనిపిస్తుంది కానీ అందులో లెక్క తప్పలేదు. మూలభాషలోని ఒకే ధ్వని కెల్టిక్‌లో బ అయింది. సంస్కృతంలో కొన్ని చోట్ల గ, కొన్ని చోట్ల జ అయింది. గోవు బో అయిన సూత్రంతోనే జీవ బ్యో అయింది.

విస్కీ అనే మాట దీన్నుంచే వచ్చిందంటారు, నిజమేనా?

నిజమే. మధ్యయుగాల యూరప్‌లో కాచి దింపిన సారాయిని లాటిన్‌లో ‘ఆక్వా వీటే’ అనేవారు, అంటే జీవజలం. ఐర్లండ్‌లో దాన్ని మాటకు మాట తిప్పి ‘ఇష్క బాహ’ అన్నారు. ‘బాహ’ అంటే జీవితం. ఇప్పుడే చూసిన ‘బ్యో’ కుటుంబంలోదే. అంటే ఇష్క బాహలోని రెండు ముక్కలకూ సంస్కృతంలో చుట్టాలున్నారు: ఒకటి ఉదకం, రెండోది జీవం.

ఇంగ్లిష్ వాళ్లు దాన్ని విన్నట్టుగా ‘అస్క్విబా’ అని రాసుకున్నారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి ఇంగ్లిష్ నిఘంటువులో ఆ మాట ఉంది. తర్వాత తోక తెగి, మొదటి ముక్క మాత్రం మిగిలి విస్కీ అయింది. కాబట్టి నిక్కచ్చిగా అర్థం చూస్తే విస్కీ అంటే ఉత్త నీళ్లు. వోడ్కా సంగతీ ఇంతే, రష్యన్ ‘వొడా’కు అది ముద్దుపేరు లాంటి రూపం. రెండు మద్యాల పేర్లూ ఒకే నీటి ధాతువు నుంచి వచ్చినవి.

ఐరిష్ వార్షిక చరిత్రల్లో 1405 సంవత్సరం కింద ఒక సంఘటన రాసి ఉంది. నాయకత్వానికి వారసుడైన రిచర్డ్ మాక్ రానల్ ఇష్క బాహ మితిమీరి తాగి చనిపోయాడు. ఆ కబురు రాసిన లేఖకుడు అక్కడితో ఆగలేదు. రిచర్డ్‌కు అది జీవజలం కాలేదు, చంపే జలం అయిందని మాట విరిచి రాశాడు. చంపే అన్న చోట అతను వాడిన మాట ‘మర్వ్’ అనే మూలంలోది. అది మన మరణం, మృత అనే మాటలకు బంధువు. ఆరు వందల ఏళ్ల కింద ఒక మనిషి చావు కబురు రాస్తూ కూడా ఆ లేఖకుడు భాషను అంత శ్రద్ధగా పట్టుకున్నాడు. ఈ మాట చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

అయితే ఐర్లండ్‌లో ఇప్పుడు విస్కీని ఇష్క బాహ అనే అంటారా?

సీసాల మీద, అధికారిక పేర్లలో ఆ మాట ఉంది. మామూలు ఐరిష్ మాటల్లో మాత్రం ‘ఫిష్క’ అంటారు. ఇంగ్లిష్ ‘విస్కీ’ని మళ్లీ ఐరిష్‌లోకి తెచ్చుకుంటే అలా అయింది. ఇల్లు వదిలి వెళ్లిన మాట వేషం మార్చుకుని తిరిగొచ్చింది, పాతదాని పక్కనే కాపురం పెట్టింది.

ఇష్కకు లింగం ఉందా?

ఉంది. ఐరిష్‌లో నామవాచకాలన్నీ పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి. ఇష్క పుంలింగం. వ్యాకరణాల్లో దీన్ని నాలుగో వర్గంలో వేస్తారు. ఆ వర్గం మాటలు ఏకవచనంలో విభక్తి మారినా చివర మారవు. ‘గ్లిన ఇష్క’ అంటే గ్లాసు నీళ్లు. అక్కడ ఇష్క షష్ఠిలో ఉంది, అయినా ఇష్కగానే ఉంది. మనకు ‘నీళ్లు’ కాస్తా ‘నీళ్ల గ్లాసు’లో ‘నీళ్ల’ అవుతుంది, వాళ్లకు ఆ మార్పు కూడా లేదు. నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ చివర మారని ఈ మాట మొదట్లో మాత్రం రకరకాలుగా మారుతుంది.

‘అన్ తిష్క’ అని విన్నాను. ఆ ‘త’ ఎక్కడి నుంచి వచ్చింది?

‘అన్’ అంటే ఇంగ్లిష్ ‘ది’ లాంటిది. పుంలింగ మాట అచ్చుతో మొదలైతే, ప్రథమా విభక్తిలో ‘అన్’ తర్వాత ఒక త వచ్చి చేరుతుంది. ‘తా అన్ తిష్క ఫూర్’ అంటే నీళ్లు చల్లగా ఉన్నాయి. షష్ఠిలో ఆ త ఉండదు: ‘అన్ ఇష్క’ అంటే ఆ నీటి అని. ‘సన్ ఇష్క’ అంటే నీళ్లలో, ఇక్కడా త లేదు. స్త్రీలింగ మాటకు ప్రథమలో కూడా రాదు. కాబట్టి నది అనే అర్థమున్న ‘అవిన్’కు త చేరదు, అది స్త్రీలింగం.

ఇది ఎవరో కూర్చుని పెట్టిన నియమం కాదు. ఐరిష్‌కు ముందు నాటి భాషలో ‘అన్’ అనేది ‘సిందోస్’ అని ఉండేది. చివరి స్ అరిగిపోతూ పోతూ ముందున్న ద్‌ను గట్టిపరిచి త్‌గా మార్చింది. పాత ఐరిష్ రాతల్లో ఇది ‘ఇంత్’ అని కనిపిస్తుంది. తర్వాత ఆ త్ తన సొంత మాటను వదిలేసి పక్క మాట ముందుకు జరిగింది. షష్ఠిలో ఆ పాత మాట అచ్చుతో ముగిసేది. స్త్రీలింగ ప్రథమలోనూ అంతే. స్ లేనిచోట త్ పుట్టలేదు.

పలికేటప్పుడు తెలుగువాళ్లకు ఒక సదుపాయం ఉంది. ఐరిష్ వెడల్పు త మన త లాగే నాలుకను పళ్లకు ఆనించి పలికేది. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు దాన్ని ట అంటూ ఇబ్బంది పడతారు. మనకు ఆ బాధ లేదు.

‘అతని నీళ్లు’, ‘ఆమె నీళ్లు’, ‘వాళ్ల నీళ్లు’: మూడింటికీ ఒకే మాట అంటారు. తేడా ఎలా తెలుస్తుంది?

ఐరిష్ వ్యాకరణంలో అందరూ తడబడేది ఇక్కడే. అర్థమైతే మిగతా సగం దానంతట అదే దారికొస్తుంది. కాస్త ఓపిగ్గా చూద్దాం.

అతని, ఆమె, వాళ్ల అనే మూడింటికీ ఐరిష్‌లో ఒకటే మాట, ఉత్త ‘అ’. తేడా మొత్తం తర్వాతి మాట నెత్తిన పడుతుంది.

అ ఇష్క: అతని నీళ్లు.
అ హిష్క: ఆమె నీళ్లు.
అ నిష్క: వాళ్ల నీళ్లు.

హ ఉంటే ఆమె, న ఉంటే వాళ్లు, ఏమీ లేకపోతే అతను. మొదటిసారి చూసినవాళ్లకు ఇది ఏదో రహస్య సంకేతంలా ఉంటుంది. సంస్కృతం పక్కన పెట్టి చూడండి. అతని అనడానికి ‘అస్య’, ఆమె అనడానికి ‘అస్యాః’, వాళ్ల అనడానికి ‘ఏషాం’, స్త్రీలైతే ‘ఆసాం’. మొదటిది అచ్చుతో ముగిసింది. రెండోదాని చివర విసర్గ ఉంది, అది అసలు స్. మూడోదాని చివర మ్. ఐరిష్ ‘అ’కు కూడా ఒకప్పుడు సరిగ్గా ఇవే ముగింపులు ఉండేవి. ముగింపులు రాలిపోయాయి. కానీ స్ రాలుతూ హ అయి తర్వాతి మాటకు అంటుకుంది. అనునాసికం న అయి అంటుకుంది. మన విసర్గలో స్ హకారంలా మారినట్టే అక్కడా మారింది.

హల్లుతో మొదలయ్యే మాట తీసుకుంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లిని ఐరిష్‌లో ‘కత్’ అంటారు. అతని పిల్లి ‘అ ఖత్’, ఆమె పిల్లి ‘అ కత్’, వాళ్ల పిల్లి ‘అ గత్’. అతని విషయంలో, క రెండు అచ్చుల మధ్య చిక్కుకుని మెత్తబడింది. ఆమె విషయంలో మధ్యలో స్ ఉండేది కాబట్టి క చెక్కుచెదరలేదు. వాళ్ల విషయంలో ముందున్న అనునాసికం క‌ను గ చేసింది.

ఆ చివరిది తెలుగు వ్యాకరణం చదువుకున్నవాళ్లకు కొత్తేమీ కాదు. సరళాదేశ సంధి గుర్తు చేసుకోండి. పూచెన్ + కలువలు కలిస్తే పూచెఁ గలువలు. ద్రుతం మీద పరుషాలకు సరళాలు వస్తాయి: క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. ఆ తర్వాత న్ అరసున్నగా మారి, చివరికి వినపడకుండా పోయినా, గ మాత్రం గ గానే నిలబడుతుంది. ఐరిష్‌లో జరిగింది అచ్చంగా ఇదే: క గ, త ద, ప బ. రెండు భాషలకూ చుట్టరికం లేదు. నోటి నిర్మాణం మనుషులందరికీ ఒకటే కాబట్టి, అనునాసికం పక్కన పరుషం మెత్తబడటం రెండు చోట్లా వేర్వేరుగా జరిగింది. మనకది పద్యాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఉండిపోయింది. వాళ్లకు మాత్రం రోజువారీ మాటల్లో, ఎవరి నీళ్లో ఎవరి పిల్లో చెప్పే పనిలో బతికుంది.

కాబట్టి ఐరిష్ మాట మొదట్లో ఏదైనా వింత అక్షరం కనిపిస్తే, అది ఆ మాటది కాదనుకోండి. ముందున్న మాట పోగొట్టుకున్న చివరి ధ్వని అది.

‘నా నీళ్లు’, ‘నీ నీళ్లు’ అనాలంటే?

‘మో’ అంటే నా, ‘దో’ అంటే నీ. అచ్చు ముందు వాటి ఓ లోపిస్తుంది: ‘మిష్క’, ‘దిష్క’. వాడు + ఇక్కడ కలిసి వాడిక్కడ అయినట్టే.

‘నా దగ్గర నీళ్లున్నాయి’, ‘నాకు దాహంగా ఉంది’ ఎలా చెప్పాలి?

ఐరిష్ వాక్యంలో క్రియ ముందు వస్తుంది. మనం చివర పెట్టేది వాళ్లు మొదట పెడతారు. అది తప్ప మిగతా ఆలోచన మనకు బాగా దగ్గర. ఇంగ్లిష్ ‘హావ్’ లాంటి క్రియ వాళ్లకూ లేదు, మనకూ లేదు.

‘తా ఇష్క అగమ్’. తా అంటే ఉంది, అగమ్ అంటే నా దగ్గర. నా దగ్గర నీళ్లున్నాయి. నీ దగ్గర అయితే ‘అగత్’.

‘తా తార్త్ ఓరమ్’. దాహం నా మీద ఉంది, అంటే నాకు దాహంగా ఉంది. ఆకలి, జలుబు, సిగ్గు, టెన్షన్ లాంటివన్నీ ఐరిష్‌లో మనిషి మీదకు వచ్చి కూర్చుంటాయి. మనిషి కర్త కాడు. మనం కూడా ‘నాకు దాహం వేస్తోంది’ అంటాం కానీ ‘నేను దాహం’ అనం కదా.

‘తా ఇష్క ఊమ్’. నీళ్లు నా నుంచి ఉన్నాయి అని దీని ముక్కలకు అర్థం. భావం మాత్రం నాకు నీళ్లు కావాలి అని.

అగమ్, ఓరమ్, ఊమ్ అనేవి విభక్తి ప్రత్యయం, సర్వనామం కలిసిపోయి ఒకే మాట అయిన రూపాలు. వాటిని జట్లు జట్లుగా కంఠస్థం చేయాల్సిందే, అడ్డదారి లేదు.

ఐరిష్‌లో ‘అవును’, ‘కాదు’ లేవంటారు. మరి జవాబు ఎలా చెబుతారు?

అడిగిన క్రియనే తిప్పి చెబుతారు. ‘అన్ విల్ ఇష్క అగత్?’, నీ దగ్గర నీళ్లున్నాయా? జవాబు ‘తా’ అంటే ఉన్నాయి, ‘నీల్’ అంటే లేవు. మనం ఉన్నాయి, లేవు అన్నట్టే. ఇందులో తెలుగు చెవికి ఒక చిక్కు ఉంది. ‘నీల్’ అనగానే మనకు నీళ్లు వినిపిస్తాయి. వాళ్లు చెప్పింది లేవు అని!

బహువచనం ఉందా?

ఉంది, ‘ఇష్కీ’. నదుల జలాలు, సముద్ర జలాలు అనే సందర్భాల్లో వాడతారు. ‘న హిష్కీ’ అంటే ఆ జలాలు, ‘న నిష్కీ’ అంటే ఆ జలాల. పైన చెప్పిన హ, న కథే ఇక్కడా. తాగే నీళ్లు మాత్రం వాళ్లకు ఎప్పుడూ ఏకవచనమే.

ఈ మాటతో ఎలాంటి నుడికారాలు ఉన్నాయి?

అన్నిటికన్నా పేరున్నది ‘ఇష్క ఫీ హలవ్’. నేల కింద నీళ్లు అని అర్థం. పైకి ఏమీ కనిపించకుండా లోపల్లోపల జరిగే కుట్రను అలా అంటారు. రాజకీయ వార్తల్లో ఇప్పటికీ మామూలుగా వినిపించే మాట. నోరూరడాన్ని పళ్లకు నీళ్లు రావడంగా చెబుతారు.

నీటిపిల్లిని ‘మద్ర ఇష్క’ అంటారు, అంటే నీటి కుక్క. జానపద కథల్లో ‘అఖ్ ఇష్క’ ఉంటుంది, నీటి గుర్రం. చెరువులోంచి బయటికొచ్చి, తన మీద ఎక్కినవాణ్ని నీళ్లలోకి లాక్కుపోతుంది. చేపల తొట్టెను, అక్వేరియాన్ని ‘ఇష్కదాన్’ అంటారు. పొలానికి నీరు పెట్టడానికి కూడా ఈ మాట నుంచే పుట్టిన క్రియ ఉంది.

డబ్లిన్ ఫీనిక్స్ పార్క్‌కు దీనికీ ఏమిటి సంబంధం?

ఆ పార్క్ ఐరిష్ పేరులో ఇష్క ఉంది. ‘ఫిన్’ అంటే తెల్లని, తేటైన. ‘ఫినిష్క’ అంటే తేటనీళ్లు. అక్కడ ఒక ఊట ఉండేదని, దాన్నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇంగ్లిష్ వాళ్ల చెవికి ఫినిష్క కాస్తా ఫీనిక్స్ అయింది. 1662లో జింకల వనంగా మొదలైన ఆ పార్క్ సుమారు 707 హెక్టార్లు ఉంటుంది. దేశాధ్యక్షుడి నివాసం అందులోనే ఉంది, జింకలు ఇప్పటికీ తిరుగుతుంటాయి. పేరును తప్పుగా విన్నది అక్కడితో పోలేదు. 1747లో, ఐర్లండ్‌లో బ్రిటిష్ రాజప్రతినిధిగా పనిచేసిన లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ అక్కడ ఒక స్తంభం ఎత్తించి, దాని మీద మంటల్లోంచి లేచే ఫీనిక్స్ పక్షి బొమ్మ పెట్టించాడు. తేటనీళ్ల పేరు మీద నిప్పుల్లో కాలే పక్షి నిలబడింది.

పార్క్ ఐరిష్ పేరు షష్ఠీ విభక్తిలో ఉంటుంది కాబట్టి ‘అన్’ తర్వాత ఫ మెత్తబడుతుంది. ఐరిష్‌లో ఫ మెత్తబడితే పూర్తిగా మాయమైపోతుంది. బోర్డు మీద ఎఫ్, హెచ్ అక్షరాలు కనిపిస్తాయి, నోట్లో వినిపించవు. కత్ ‘ఖత్’ అయిన కారణమే ఇక్కడా.

స్కాట్లండ్, వేల్స్ భాషల్లోనూ ఇదే మాటా?

స్కాట్లండ్ గేలిక్‌లో ఇదే మాట, స్పెల్లింగ్‌లో సి బదులు జి. మ్యాన్ దీవి భాషలో ‘ఉష్చ’ లాంటి పలుకుబడి. వేల్స్‌లో మాత్రం నీళ్లను ‘దూర్’ అంటారు, అది వేరే మూలం. ఆ మూలం ఐరిష్‌లో కూడా ఒకప్పుడు ‘దోవర్’ అని ఉండేది. ఐరిష్ మాట్లాడే డొనెగల్ ప్రాంతంలోని గ్వీడోర్ ఊరి పేరులో అది ఇంకా వినిపిస్తుంది.

ఇప్పుడు ఐరిష్‌ను నిజంగా ఎంతమంది మాట్లాడతారు?

1937 నాటి రాజ్యాంగం ప్రకారం ఐరిష్ ఆ దేశానికి మొదటి అధికార భాష. 2007 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. 2022 జనాభా లెక్కల్లో 18,73,997 మంది తమకు ఐరిష్ వచ్చని చెప్పారు. అయితే చదువుకునే చోటు కాకుండా బయట రోజూ మాట్లాడేవాళ్లు 71,968 మందే. ఈ రెండు అంకెల మధ్య దూరం చూస్తే బాధేస్తుంది. బడిలో నేర్చుకున్నది ఇంట్లోకి రాకపోతే ఏమవుతుందో ఆ లెక్క చెబుతోంది. విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మా పాప అక్కడ ప్రైమరీ స్కూల్లో చేరింది. ఇష్కతో ఏ వాక్యం ముందు నేర్పాలి?

అక్కడి ప్రైమరీ బడుల్లో ఐరిష్ అందరూ నేర్చుకునే సబ్జెక్టు కాబట్టి, టీచరును అనుమతి అడిగే వాక్యం మొదటి వారం నుంచే పనికొస్తుంది: ‘అన్ విల్ క్యాద్ అగమ్ ఇష్క అ ఓల్?’ నీళ్లు తాగడానికి నాకు పర్మిషన్ ఉందా అని. ‘క్యాద్’ అంటే అనుమతి, ‘ఓల్’ అంటే తాగడం. ముందు సగం ‘అన్ విల్ క్యాద్ అగమ్’ ఒక్కటి నోటికొస్తే చాలు. తర్వాత సగం మార్చి బాత్రూమ్‌కు వెళ్లడానికి, బయటికి వెళ్లడానికి, దేనికైనా అడగొచ్చు. ‘క్యాద్’లో ద మన దే, డ అనకుండా చూడండి. టీచరు ‘తా’ అంటే వెళ్లి తాగొచ్చు, ‘నీల్’ అంటే కాసేపు ఆగాలి.